కోనసీమలో సైకాలజిస్టుగా నా బర్నౌట్, అందులోంచి బయటపడిన తీరు (నా అనుభవం)

నేను అమలాపురం దగ్గర ఒక ప్రైవేట్ హాస్పిటల్లో క్లినికల్ సైకాలజిస్టుని. ఎం.ఫిల్ చేసి, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, కొన్నాళ్ళు హైదరాబాద్‌లో పని చేసి, పెళ్ళయ్యాక అత్తగారి ఊరికి దగ్గరని ఇటు వచ్చేశాను. వచ్చిన కొత్తలో ఎంత ఇష్టంగా చేశానో, కొన్నేళ్ళకి అదే పని తలుచుకుంటే పొద్దున్నే కడుపులో తిప్పేసేంత దాకా వచ్చింది. పని ఒత్తిడికి మనిషి ఇలా లోపల కాలిపోవడాన్నే బర్నౌట్ అంటారు. అలా ఎందుకైంది, ఎవరికి చెప్పుకున్నాను, ఏం చేస్తే తగ్గింది అన్నీ వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే మన గోదావరి జిల్లాల్లో ఈ పని చేసేవాళ్ళం చాలా తక్కువమందిమి, అందరం తలో ఊళ్ళో ఉంటాం, ఎవరికి వాళ్ళు నాకొక్కదానికే ఇలా ఉందేమో అనుకుంటూ ఉండిపోతాం. క్లయింట్ల గురించి రాసిన చోటల్లా వివరాలు మార్చేశాను, ఒకళ్ళవి ఇంకొకళ్ళతో కలిపేశాను. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం గోప్యత వాళ్ళ హక్కు, చట్టం సంగతి అటుంచినా నన్ను నమ్మి చెప్పుకున్న మాటలవి.

ముందు ఇక్కడ పని ఎలా ఉంటుందో చెప్పాలి. మాది జనరల్ హాస్పిటల్. సైకియాట్రిస్ట్ గారు వారానికి రెండు రోజులు కాకినాడ నుంచి వస్తారు, మిగతా రోజులు మనసుకి సంబంధించింది ఏదొచ్చినా నా గదికే. వచ్చేవాళ్ళలో చాలామందికి సైకాలజిస్ట్ దగ్గరకి వస్తున్నామనే తెలీదు. గుండె దడ, ఆయాసం, అరికాళ్ళ మంటలు అని ఫిజీషియన్ దగ్గరకి వెళ్తారు, ఈసీజీ తీస్తారు, టూడీ ఎకో తీస్తారు, ఏమీ లేదని తేలాక "పైకి వెళ్ళండమ్మా, అక్కడ మేడం గారు మాట్లాడతారు" అని సిస్టర్ పంపిస్తుంది. వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుని "నాకేం పిచ్చి లేదండీ" అనే మొదలుపెడతారు. అక్కడి నుంచి మెల్లిగా మాటల్లోకి తీసుకురావాలి, మొదటి సెషన్ అంతా దానికే సరిపోతుంది.

ఎవరొస్తారు అంటే, కువైట్, మస్కట్, ఖతార్‌లలో ఇంటిపనికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు, వాళ్ళు అక్కడున్నప్పుడు అమ్మమ్మల దగ్గర పెరిగిన పిల్లలు, రొయ్యల చెరువులేసి అప్పులైపోయిన రైతులు, హాస్టల్ కాలేజీల్లో ఇంటర్ చదివే పిల్లలు, లోన్ యాప్‌ల వాళ్ళ ఫోన్లకి భయపడి ఇంట్లోంచి బయటికి రానివాళ్ళు. ఒకావిడ గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఏడాది దాటింది. అక్కడ ఆ ఇంట్లో పనిమనిషిని పిలవడానికి గంట కొట్టేవాళ్ళంట. ఇక్కడ గుళ్ళో గంట వినిపించినా, వీధిలో ఐస్ అమ్మేవాడి గంట వినిపించినా ఆవిడకి తెలియకుండానే లేచి నిలబడిపోతుంది. సెషన్ మధ్యలో కింద వార్డులో ఎవరో స్టీలు గ్లాసు మీద స్పూనుతో కొట్టారు, ఆవిడ ఠక్కున లేచి, చీర సర్దుకుని, చేతులు కట్టుకుని నా ఎదురుగా నిలబడింది. కొన్ని సెకన్లు నేనెవరో, అక్కడి ఇంటావిడ ఎవరో ఆవిడకి తేడా తెలియలేదు. ఆవిడ కొడుకేమో అమ్మమ్మనే అమ్మ అని పిలుస్తాడు, ఈవిడని పేరు పెట్టి కూడా పిలవడు. ఇలాంటిది ఒకటి విన్నాక పది నిమిషాలైనా ఊపిరి తీసుకోవాలి మనిషి. తర్వాతి టోకెన్ అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంటుంది.

ఆ టోకెన్ల సంగతే అసలు సంగతి. థెరపీ సెషన్ అంటే నలభై ఐదు యాభై నిమిషాలు అని మేము చదువుకున్నాం, నేర్చుకున్నాం. హాస్పిటల్లో ఓపీ లెక్కలో అరగంట స్లాట్. మొదట్లో రోజుకి నలుగురైదుగురు, తర్వాత కోవిడ్ వచ్చింది, ఆ వెనకే 2022 జూలైలో గోదావరి వరద వచ్చింది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు, లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. వరదప్పుడు పడవలూ భోజనం ప్యాకెట్లూ అందరికీ గుర్తుంటాయి. నా గదికి వాళ్ళు రావడం నీళ్ళు తీసేసిన రెండు మూడు నెలలకి మొదలైంది, నిద్ర పట్టట్లేదని, వాన చప్పుడు వింటే గుండె దడ అని, పిల్లలు పక్క తడుపుతున్నారని. రోజుకి ఎనిమిది దాటిపోయేది, సైకియాట్రిస్ట్ గారొచ్చే రోజుల్లో రిఫరల్స్ అన్నీ ఒక్కసారే వచ్చి పడి ఇంకా ఎక్కువయ్యేవి. మేనేజ్‌మెంట్ దృష్టిలో అది మంచి విషయం, డిపార్ట్‌మెంట్ పుంజుకుంటోందని.

నాకు మొదట తెలిసింది ఒంట్లోనే. పొద్దున్న లేచేసరికి దవడలు నొప్పి, రాత్రంతా పళ్ళు బిగబట్టి పడుకుంటున్నానని డెంటిస్ట్ చెప్పాడు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది, ఇక పట్టేది కాదు. రొయ్యల రైతులకి ఆ టైంలోనే మెలకువొస్తుంది, చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లారగట్టే కాబట్టి, కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్యలన్నీ పైకి తేలతాయనే భయంతో గట్టు మీదే పడుకుంటారు. వాళ్ళకి నిద్ర గురించి చెప్పి పంపి నేను అదే టైంకి లేచి కూర్చునేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్న దగ్గర్నుంచి సోమవారం బెంగ పట్టుకునేది.

తర్వాత వచ్చినదానికి నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది. ఎవరైనా ఏడుస్తుంటే నా లోపల ఏమీ కదలడం మానేసింది. టిష్యూ డబ్బా జరపడం, తల ఊపడం, అడగాల్సిన ప్రశ్న అడగడం అన్నీ సవ్యంగానే చేసేదాన్ని, ఎదుటివాళ్ళకి తేడా తెలిసేది కూడా కాదేమో, కానీ లోపల గడియారం తప్ప ఏమీ లేదు. కాలవ నిండా నీళ్ళు పారుతున్నా శివారు పొలానికి చుక్క అందనట్టు, రోజంతా గదిలో అందరికీ పంచేసి ఇంటికొచ్చేసరికి మా పాపకి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ మిగిలేది కాదు. అది స్కూల్లో జరిగింది చెప్తుంటే "ఆఁ, తర్వాత?" అని క్లయింట్‌తో అన్నట్టే అనేదాన్ని. ఆరేళ్ళ పిల్ల, "అమ్మా నువ్వు నిజంగా వింటున్నావా" అని అడిగింది.

పురుగుమందు తాగి బతికి బయటపడ్డవాళ్ళు మా హాస్పిటల్‌కి ఎక్కువగానే వస్తారు, కోలుకున్నాక నా దగ్గరకి పంపుతారు, కుటుంబంతో కూడా నేనే మాట్లాడతాను. అలాంటి కేసులు వరసగా కొన్ని చూశాక, మా మావయ్య గారు గొడ్ల చావిట్లో దూలం మీద పెట్టే మందు డబ్బాలు నాకు రాత్రిళ్ళు గుర్తొచ్చేవి. లేచి టార్చి వేసుకుని వెళ్ళి అవి అక్కడే ఉన్నాయో లేదో చూసొచ్చేదాన్ని. మా ఇంట్లో ఎవరికీ ఏ కష్టమూ లేదు, అందరూ హాయిగా నిద్రపోతున్నారు, అయినా చూసొస్తే గానీ పడుకోలేకపోయేదాన్ని. మా ఆయన ఒక రాత్రి "ఏం చూస్తున్నావు అక్కడ" అంటే పాము చప్పుడైందని చెప్పాను. నిజం చెప్పాలంటే కేసుల సంగతి చెప్పాలి, అది ఇంట్లో చెప్పడానికి లేదు. ఏ ఉద్యోగం చేసేవాళ్ళైనా ఇంటికొచ్చి ఇవాళ ఆఫీసులో ఇలా జరిగిందని చెప్పుకుని తేలిక పడతారు, మాకు ఆ దారి ఉండదు.

పైగా ఇది చిన్న చోటు. హైదరాబాద్‌లో క్లయింట్ గది దాటి వెళ్తే మళ్ళీ వారం వరకు కనపడడు. ఇక్కడ పెళ్ళి భోజనాల్లో ఎదురు వరసలో కూర్చుంటారు. ఒకసారి వడ్డన జరుగుతుంటే ఒక పెద్దావిడ "ఆయ్, మేడం గారూ, మా కోడలికి ఎలా ఉందండీ, మందులు మానేయచ్చాండీ" అని పంక్తి మొత్తానికి వినపడేలా అడిగారు. కోడలు కూడా అక్కడే ఉంది. ఎవరిని కొత్తగా కలిసినా ముందు "మీరెవరి తాలూకండీ" అని అడిగి, రెండు నిమిషాల్లో మా చుట్టరికం మొత్తం తవ్వేస్తారు, నా క్లయింట్ మా అత్తయ్య గారి వైపు ఏదో వరసకి వస్తుందని తేలుతుంది. నా ఫోన్ నంబరు ఊళ్ళో అందరి దగ్గరా ఉండేది. రాత్రి పదింటికి కూడా మోగేది, ఎత్తకపోతే ఏమవుతుందోనని ఎత్తేదాన్ని.

ఇదంతా ఎక్కడికి పోయేదో తెలీదు గానీ, ఎం.ఫిల్‌లో నాకు సీనియర్ అయిన ఒక అక్క వేరే పని మీద ఫోన్ చేసింది. మాటల్లో ఈ పని మానేసి స్కూల్లో టీచర్‌గా చేరదామనుకుంటున్నానని చెప్పాను. ఆవిడ బుజ్జగించలేదు, ధైర్యం చెప్పలేదు. "నీకు సూపర్‌విజన్ ఎవరిస్తున్నారు?" అని అడిగింది. ఎవరూ లేరన్నాను. "ఎన్నాళ్ళ నుంచి?" అంది. ఎం.ఫిల్ అయిన దగ్గర్నుంచి అన్నాను. "మరి ఇన్నాళ్ళు నిలబడటమే ఎక్కువ" అంది.

ఈ పని తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ప్రతి కేసూ గైడ్ దగ్గర కూర్చుని చెప్తాం, ఎక్కడ తడబడ్డాం, ఎక్కడ మన సొంత బాధ దాంట్లో కలిసింది, వచ్చేవారం ఏం చేయాలి అని మాట్లాడుకుంటాం, అదే సూపర్‌విజన్. డిగ్రీ చేతికొచ్చాక అది ఆగిపోతుంది. బ్రిటన్‌లో అక్కడి కౌన్సిలర్ల సంఘం బీఏసీపీ అక్రెడిటెడ్ సభ్యులకి నెలకి కనీసం గంటన్నర సూపర్‌విజన్ తప్పనిసరి చేసింది, ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా సరే. మన దగ్గర రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి సీఆర్‌ఈ పాయింట్లు (కొత్త విషయాలు నేర్చుకుంటున్నామని చూపే లెక్క) అడుగుతారు, సెమినార్లకి వెళ్ళి తెచ్చుకుంటాం, సూపర్‌విజన్ గంటలు అడగరు. నన్నడిగితే ఈ పనిలో మనుషులు కాలిపోవడానికి వినే కథల బరువు కంటే ఈ ఖాళీ పెద్ద కారణం. బరువు ఎలాగూ ఉంటుంది, ఆ బరువు దించుకునే చోటు మన ఉద్యోగాల్లో ఎక్కడా పెట్టలేదు.

అక్క ముందు డాక్టర్‌కి చూపించుకోమంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 చేయించాను, హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ ఉంది, మిగతావి బాగానే ఉన్నాయి. మా హాస్పిటల్ సైకియాట్రిస్ట్ గారి దగ్గరకి వెళ్ళలేను కాబట్టి ఊరవతల ఇంకొకరిని కలిశాను. రోజూ నేను క్లయింట్లకి ఇచ్చే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల కాగితం, డిప్రెషన్ ఎంతుందో చూసేది, ఆయన నాకిచ్చారు. డిప్రెషన్ ఉందో లేదో తేల్చుకోవడం చాలా ముఖ్యం, ఎందుకంటే పైకి బర్నౌట్, డిప్రెషన్ రెండూ ఒకేలా ఉంటాయి, ఉత్త అలసటే అనుకుని డిప్రెషన్‌ని వదిలేస్తే ప్రమాదం. నాకు స్వల్పంగా ఉంది, మందులు అక్కర్లేదు, కానీ మళ్ళీ వచ్చి చూపించుకోమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో బర్నౌట్‌ని జబ్బుగా రాయలేదు, పని వల్ల వచ్చే స్థితిగా రాసింది, చాలాకాలం సరిగా సంభాళించని పని ఒత్తిడి వల్ల వస్తుందని. ఆ తేడా నాకు చాలా మేలు చేసింది. జబ్బైతే నాకు మందు వేయాలి, పని వల్ల వచ్చినదైతే పనిని మార్చాలి.

లీవ్ పెట్టాను, జీతం లేకుండానే. మొదటి రోజులన్నీ నిద్రపోయాను. తర్వాత అమ్మ వాళ్ళింటికి వెళ్ళాను, నరసాపురం వైపు, పంటు మీద గోదావరి దాటుతుంటే చాన్నాళ్ళకి గాలి ముక్కుకి తగిలినట్టనిపించింది. అమ్మ ఏమీ అడగలేదు, ములక్కాడ కూర, మామిడల్లం పచ్చడి చేసి పెట్టింది. బాగానే అనిపించింది. తిరిగొచ్చి డ్యూటీలో చేరిన వారంలోపే దవడ నొప్పి మళ్ళీ వచ్చేసింది. అప్పుడు అర్థమైంది సెలవు అవసరమే గానీ సెలవుతో అయ్యే పని కాదని. వెళ్ళేముందు ఎలా ఉందో వచ్చాక కూడా గది అలాగే ఉంది, టోకెన్లు అలాగే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే ఈ విషయం మీద దొరికినంత చదివాను. 1974లో ఈ బర్నౌట్ గురించి రాసి అందరి దృష్టికీ తెచ్చిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ కూడా సైకాలజిస్టే, న్యూయార్క్‌లో పగలంతా సొంత ప్రాక్టీస్ చూసుకుని సాయంత్రాలు ఫ్రీ క్లినిక్‌లో పేదవాళ్ళకీ డ్రగ్స్‌కి బానిసలైనవాళ్ళకీ పని చేసేవాడు. ఎక్కువ మనసు పెట్టి చేసేవాళ్ళే ముందు కాలిపోతారని ఆయన అప్పుడే గమనించాడు. క్రిస్టీనా మాస్లాక్ 1981లో సూసన్ జాక్సన్‌తో కలిసి చేసిన ప్రశ్నావళిలో మూడు విషయాలు కొలుస్తారు, మనసు ఖాళీ అయిపోవడం, ఎదుటి మనిషి మనిషిలా కనిపించకపోవడం, నా వల్ల ఏమీ కావట్లేదనిపించడం. నాకు వచ్చింది కూడా సరిగ్గా ఆ వరసలోనే. చావిట్లో డబ్బాల సంగతి దీంట్లోకి రాదు, దాన్ని వికేరియస్ ట్రామా అంటారు, ఇతరుల గాయం వినీ వినీ మనం లోకాన్ని చూసే తీరే మారిపోవడం, 1990లో మెకాన్, పెర్ల్‌మన్ దాని గురించి రాశారు. తర్వాత మాస్లాక్, మైకేల్ లైటర్ కలిసి ఉద్యోగంలో మనిషికీ పనికీ పొత్తు ఎక్కడ చెడుతుందో చూడమని ఆరు చోట్లు చూపించారు, పనిభారం, పని మీద మన అదుపు, ప్రతిఫలం, తోటివాళ్ళ తోడు, న్యాయం, విలువలు. కాగితం మీద నా ఉద్యోగాన్ని పెట్టి చూసుకుంటే, నేను ఇన్నాళ్ళూ పనిభారమే అనుకుంటున్నాను గానీ అదుపు, తోడు ఈ రెండూ సున్నా. ఎవరిని ఎప్పుడు చూడాలో నేను చెప్పను, చూసింది చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

అక్క తనకి తెలిసిన ఒక పెద్ద సైకాలజిస్ట్ గారి దగ్గర నన్ను సూపర్‌విజన్‌కి పెట్టింది, ఆవిడ బెంగళూరులో ఉంటారు, తెలుగావిడే. రెండు వారాలకోసారి ఆన్‌లైన్‌లో గంట, ఫీజు నా జేబులోంచే. మొదటిసారి ఆవిడ కేసుల గురించి అడగనే లేదు. వారం మొత్తం గంట గంటకీ ఎవరిని చూశావు, అది ఎంత బరువైంది, అయ్యాక ఎన్ని నిమిషాలు ఖాళీ, అన్నం ఎప్పుడు తిన్నావు, నోట్స్ ఎప్పుడు రాశావు అని ఒక పట్టీ రాసుకురమ్మన్నారు. రాసుకెళ్తే ఇద్దరికీ కనిపించింది, మొత్తం సంఖ్య కన్నా వరస అన్యాయంగా ఉంది. సైకియాట్రిస్ట్ గారొచ్చే రోజుల్లో మధ్యాహ్నం భోజనం కాగానే బరువైన కేసులు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో నిమిషం లేదు, నోట్స్ అన్నీ ఇంటికి మోసుకెళ్ళి పాప పడుకున్నాక రాస్తున్నాను. అంటే ఆ కథలన్నీ రాత్రి పదకొండింటికి మళ్ళీ ఒకసారి వింటున్నట్టే.

గల్ఫ్ నుంచి వచ్చిన ఆవిడ కేసు చెప్పినప్పుడు బెంగళూరు మేడం గారు నన్ను ఆపి "ఆవిడ గంటకి లేచి నిలబడింది సరే, అప్పుడు నీ ఒళ్ళు ఏం చేస్తోందమ్మా?" అని అడిగారు. ఆలోచిస్తే నేను కుర్చీ చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అన్ని సెషన్లలో అంతేనని తర్వాత వారం గమనించుకుంటే తెలిసింది. అప్పట్నుంచి పాదాలు రెండూ నేలకి ఆనించి, వెన్ను కుర్చీకి ఆనించి, ఊపిరి వదులుతూ వినడం సాధన చేశాను. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది, కానీ సాయంత్రానికి మెడా దవడా ఎలా ఉంటున్నాయో నాకు తెలుసు. పురుగుమందు డబ్బాల గురించి కూడా ఆవిడకే మొదట చెప్పాను. ఆవిడ నవ్వలేదు, పెట్టెలో పెట్టి తాళం వేయించమన్నారు, నీకే కాదు నువ్వు చూసే ప్రతి కుటుంబానికీ అదే చెప్పు, మందు చేతికందకుండా ఉంటే ఆ క్షణం దాటిపోయి బతికేవాళ్ళు చాలామంది ఉంటారని. మావయ్య గారికి పిల్లలున్న ఇల్లు కదండీ అని చెప్పి ఇనప పెట్టె పెట్టించాను. లేచి చూసి రావడం కొన్నాళ్ళకి దానంతటదే ఆగిపోయింది.

మేనేజ్‌మెంట్‌తో మాట్లాడటం మాత్రం తేలిగ్గా జరగలేదు. "మీకు మందు రాసే పని కూడా లేదు కదమ్మా, మాటలేగా, ఇంకో నలుగుర్ని చూడచ్చు" అన్నారు పెద్ద డాక్టర్ గారు. ఆయన చెడ్డవాడు కాదు, సర్జన్‌కి ఆపరేషన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య థియేటర్ శుభ్రం చేయాలని ఆయనకి తెలుసు, మాటల పనికి అలాంటిది ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నేను అలసిపోయానని చెప్తే సెలవు తీసుకోమంటారని తెలుసు కాబట్టి నా రిజిస్టర్ పట్టుకెళ్ళాను. టోకెన్లు పెరిగిన దగ్గర్నుంచి రెండో విజిట్‌కి వచ్చేవాళ్ళు ఎలా తగ్గిపోతున్నారో నెల నెలా చూపించాను. అరగంటలో సగం చెప్పించుకుని పంపేస్తే మనిషి మళ్ళీ రాడండీ, వచ్చినవాళ్ళని పూర్తిగా చూస్తే వాళ్ళే ఇంకొకళ్ళని తీసుకొస్తారు అన్నాను. రెండు మూడుసార్లు తిరిగాక ఒప్పుకున్నారు, రోజుకి ఆరుగురే, మధ్యలో పావుగంట, నోట్స్ డ్యూటీ టైంలోనే, బరువైన కేసులు పొద్దుటి పూట, ఏ వరసలో అనేది నా ఇష్టం. ఇన్సెంటివ్ తగ్గింది. ఇంట్లో ఈఎంఐ లెక్కలు మళ్ళీ వేసుకోవాల్సొచ్చింది.

సొంతంగా థెరపీ కూడా తీసుకున్నాను. సూపర్‌విజన్‌లో కేసు గురించి మాట్లాడతాం, ఇక్కడ నా గురించి. ఇటువైపు ఎవరి దగ్గరకెళ్ళినా ఎవరి తాలూకో తేలిపోతుంది కాబట్టి విశాఖపట్నం ఆవిడ దగ్గర ఆన్‌లైన్‌లో మాట్లాడేదాన్ని, ఇంట్లో గోడలు పల్చన, అందుకని కాలవ గట్టు మీద చెట్టు కింద కారు ఆపుకుని. చిన్నప్పుడు అమ్మా నాన్నా గొడవ పడితే మధ్యలో కూర్చుని ఇద్దరినీ సముదాయించేదాన్ని నేనే, ఎవరు ఏడుస్తున్నా ఆపాల్సిన బాధ్యత నాదే అనే భావం అక్కడే పట్టుకుంది. రాత్రి ఫోన్ ఎత్తకుండా ఉండలేకపోవడానికి మూలం అక్కడుంది.

ఆ ఫోన్ సంగతి తేల్చడానికి నంబరు మార్చేశాను, హాస్పిటల్ నంబరే ఇస్తున్నాను. రాత్రిపూట మరీ కష్టంగా ఉంటే 14416 టెలీ మానస్‌కి చేయమని మొదటి సెషన్‌లోనే కాగితం మీద రాసిస్తాను, 2022 అక్టోబర్‌లో పెట్టారు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ప్రాణం మీదకొచ్చే పరిస్థితైతే ఎమర్జెన్సీకే రమ్మంటాను. అలాగే "బయట ఎక్కడైనా కనిపిస్తే నేను ముందు పలకరించనండీ, మీరు పలకరిస్తే పలుకుతాను, ఇక్కడి విషయాలు మాత్రం అక్కడ మాట్లాడను" అని ముందే చెప్పేస్తాను. అందరికీ అది హాయిగానే ఉంది. ఇంటికి అరటిగెలలు, పూతరేకుల డబ్బాలు పంపేవాళ్ళు ఇంకా ఉన్నారు, తిప్పి పంపితే నొచ్చుకుంటారు, తీసుకెళ్ళి వార్డులో అటెండర్లకీ పేషెంట్ల పిల్లలకీ పంచేసి, పంచేశానని వాళ్ళకి చెప్తాను.

రాజమండ్రిలో నెలకోసారి కొంతమందిమి కలుస్తున్నాం. సైకాలజిస్టులమే కాదు, హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీల కౌన్సిలర్లు, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్‌లో చేసేవాళ్ళు, కాలేజీ కౌన్సిలర్లు కూడా వస్తారు. నా పరిస్థితి వాళ్ళకన్నా చాలా నయం, నాకు గది ఉంది, తలుపుంది. సఖి సెంటర్‌లో చేసే ఒకమ్మాయి కాంట్రాక్ట్ మీద, జీతం ఎప్పుడొస్తుందో తెలియదు, దెబ్బలు తిని వచ్చినవాళ్ళతో పోలీస్ స్టేషన్‌కీ హాస్పిటల్‌కీ తనే తిరగాలి, ఆ మొగుళ్ళు వచ్చి ఆమెనే బెదిరిస్తారు. ఆ అమ్మాయికి యోగా చేయి, డైరీ రాయి అని చెప్పడం నాకు మనసొప్పదు. మా గుంపులో ఒకటే గట్టి నియమం, కేసు చెప్పేటప్పుడు ఇంటిపేరు, ఊరు, కులం ఏదీ బయటికి రాకూడదు, మన దగ్గర వాటిలో ఏ రెండు తెలిసినా మనిషి దొరికిపోతాడు. మొదటి నెల ఎవరూ సరిగా నోరు విప్పలేదు, తర్వాత మాత్రం భోజనాల టైం దాటిపోయినా ఎవరూ లేవట్లేదు.

ఇప్పుడు ఎలా ఉన్నానంటే, నిద్ర పడుతోంది, ఎవరైనా ఏడిస్తే మళ్ళీ నాకు లోపల తగులుతోంది, అది తిరిగొచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. గంటకి లేచే ఆవిడ ఇప్పుడు లేవబోయి ఆగి, కూర్చునే ఊపిరి తీసుకుంటోంది. కష్టంగా ఉన్నది వేరే ఒకటి, రోజుకి ఆరుగురే అనేసరికి అపాయింట్‌మెంట్‌కి వారాలు పడుతోంది, లంక ఊళ్ళ నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాళ్ళకి తేదీ ఇచ్చి పంపాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఎవరికి ప్రమాదం ఉందో సిస్టర్ ముందే నాలుగు ప్రశ్నలడిగి చెప్పేలా నేర్పించాను, వాళ్ళని అదే రోజు చూస్తాను. రెండో సైకాలజిస్ట్ కావాలని అడగ్గా అడగ్గా పోస్టు ఇచ్చారు, ఈ మధ్యే ఒకమ్మాయి చేరింది, చదువు కొత్తగా పూర్తి చేసుకుని వచ్చింది. ఆ అమ్మాయి అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రెండు వారాలకోసారి సూపర్‌విజన్ గంట డ్యూటీలో భాగమని రాయించాను, నాకూ అదే వర్తింపజేశారు. ఆ గంటకి జీతం ఇస్తున్నారు, ఫీజు మాత్రం ఇంకా మేమే కట్టుకుంటున్నాం, అది కూడా హాస్పిటలే కట్టాలని ఈ ఏప్రిల్ మీటింగ్‌లో మళ్ళీ పెడుతున్నాను.